తెరిచిన ఫైల్‌ని మూసేదెవరు? యూనిక్స్ నుంచి కంటైనర్ల దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న నంబర్ చరిత్ర చెప్పుకుందాం.

ప్రోగ్రామ్ ఫైల్ తెరవమంటే కెర్నల్ ఫైల్‌ని చేతికివ్వదు, ఒక నంబర్ ఇస్తుంది. గుడి ముందు చెప్పుల స్టాండ్‌లో టోకెన్ ఇచ్చినట్టు అన్నమాట. 0 ఇన్‌పుట్‌కి, 1 అవుట్‌పుట్‌కి, 2 ఎర్రర్లకి. ఆ తర్వాత ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న నంబర్. ఇదే ఫైల్ డిస్క్రిప్టర్. తెరవడం ఈజీనే. మరి మూసేదెవరు?

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 మెషీన్ మీద యూనిక్స్ మొదలుపెట్టారు. ఫోర్క్ వచ్చాక ఒక వింత సమస్య బయటపడింది. దీని గురించి రిచీయే తర్వాత రాశాడు. ఒక షెల్ ఫైల్‌లో రెండు కమాండ్లు పెట్టి, అవుట్‌పుట్‌ని ఒకే ఫైల్‌లోకి పంపితే, మొదటిది రాసినదాని మీదే రెండోది రాసేసేది. ఎందుకంటే ఎంతవరకు రాశామనే గుర్తు ఏ ప్రాసెస్‌కి ఆ ప్రాసెస్ దగ్గరే ఉండేది. ఆ గుర్తుని ప్రాసెస్‌లోంచి తీసి, అందరికీ కలిపి కెర్నల్‌లో ఒక టేబుల్‌లో పెట్టారు.

ఇప్పుడు ఒకే ఎంట్రీని చాలామంది వాడుకోవచ్చు. అంటే ఒకరు మూసినంత మాత్రాన దాన్ని తీసేయకూడదు కదా! అందుకే లెక్క పెట్టాలి. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాసెస్‌కి 15 ఫైళ్లు, మొత్తం సిస్టమ్‌కి 100 ఎంట్రీలు. ఫోర్క్ చేస్తే లెక్క పెరుగుతుంది, క్లోజ్ చేస్తే తగ్గుతుంది. చివరి వాడు వదిలినప్పుడే అసలు మూత.

ఈ లెక్క పైప్‌లో బాగా అర్థమవుతుంది. రాసే వైపు డిస్క్రిప్టర్లన్నీ మూసుకుంటేనే చదివేవాడికి డేటా అయిపోయిందని తెలుస్తుంది. ఒక్కటి ఎక్కడో మర్చిపోయినా, వాడు అలా ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఇంకో చిక్కు ఎగ్జెక్. కొత్త ప్రోగ్రామ్ లోడైనా పాత డిస్క్రిప్టర్లు తెరిచే ఉంటాయి. షెల్ రీడైరెక్షన్ పనిచేసేది దీనివల్లే. కానీ అక్కర్లేనివి కూడా అలాగే వెళ్లిపోతాయి. ఎగ్జెక్ అప్పుడు మూసెయ్ అని ఫ్లాగ్ పెట్టే వీలు తర్వాత వచ్చింది. అయితే ఫైల్ తెరిచి ఫ్లాగ్ పెట్టేలోపు ఇంకో థ్రెడ్ ఫోర్క్, ఎగ్జెక్ చేస్తే? లీక్ అయినట్టే. అందుకే 2007లో లినక్స్ 2.6.23 తెరిచేటప్పుడే ఫ్లాగ్ పెట్టే ఓ-క్లోఎగ్జెక్ తెచ్చింది. 2020లో 5.9 వెర్షన్‌లో వరుసగా చాలా నంబర్లని ఒకేసారి మూసే క్లోజ్-రేంజ్ వచ్చింది.

ఇంత జాగ్రత్త అవసరమా అంటే, 2024 జనవరి చూడండి. కంటైనర్లని నడిపే రన్‌సీలో హోస్ట్ మెషీన్ డైరెక్టరీకి చెందిన ఒక డిస్క్రిప్టర్ మూయకుండా లోపలికి లీక్ అయింది. దాని దారిని వర్కింగ్ డైరెక్టరీగా పెడితే, కంటైనర్‌లోని ప్రాసెస్ హోస్ట్ ఫైళ్లని అందుకోగలదు. గోడ పగలగొట్టక్కర్లేదు, తలుపు తెరిచే ఉంది! 1.1.12 వెర్షన్‌లో సరిచేశారు.

ప్రాసెస్ చనిపోతే కెర్నల్ అన్నీ మూసేస్తుంది, నిజమే. కానీ సర్వర్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మీ సర్వర్ ఎన్ని తెరిచి పెట్టుకుందో ప్రాక్ డైరెక్టరీలో ఒకసారి లెక్కపెట్టండి. అంకె రోజురోజుకీ పెరుగుతూనే ఉంటే, ఎక్కడో ఒక క్లోజ్ బాకీ ఉండొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.