పేరు మారిన కణితి

లాలాజల గ్రంథులలో కణితులు అరుదు. అరుదైనవే అయినా వాటిలో రకాలు మాత్రం అనేకం. అందుచేత వాటిని సరిగా గుర్తించడం పాథాలజిస్టులకు నేటికీ కఠిన పరీక్షే. కణితిని ఎలాగూ కోసి తీసివేస్తారు కదా, పేరు ఏదైతేనేమి అని మీరు అడగవచ్చు. ఒక కణితి చరిత్ర ఆ ప్రశ్నకు సమాధానమిస్తుంది.

చెవికి ముందు, దవడ మూలన ఉండే పెరోటిడ్ గ్రంథిలో లాలాజలాన్ని తయారుచేసేవి ఎసినార్ కణాలు. వాటిని పోలిన కణాలతో పెరిగే కణితిని చాలాకాలం నిరపాయకరమని భావించారు. 1953లో న్యూయార్క్‌కు చెందిన ఫుట్, ఫ్రేజెల్ అనే వైద్యులు దానికి క్యాన్సర్ స్వభావం ఉందని గుర్తించారు. తరువాత ‘ఎసినిక్ సెల్ కార్సినోమా’ అన్న పేరు స్థిరపడింది. నాటి వైద్యులకు సూక్ష్మదర్శిని, రంగు వేసిన పలుచని కణజాలపు పొర, తమ అనుభవం మాత్రమే ఆధారం.

అయితే ఆ పేరు కింద చేరిన కణితులన్నీ ఒక్కటి కావు. ఎసినార్ కణాలలో ఎంజైములతో నిండిన ముదురు రేణువులు ఉంటాయి. కొన్ని కణితులలో అవి కనబడేవి కావు. చెక్ దేశపు పాథాలజిస్టు అలేనా స్కాలోవా బృందం అటువంటి 16 కణితులను పరిశీలించి, రొమ్ములో అరుదుగా వచ్చే సెక్రీటరీ కార్సినోమాను అవి పోలి ఉన్నాయని 2010లో ప్రకటించింది. పోలిక రూపంతో ఆగలేదు. రెండింటిలోనూ 12వ క్రోమోజోము మీది ఈటీవీ6 జన్యువు, 15వ క్రోమోజోము మీది ఎన్‌టీఆర్‌కే3 జన్యువుతో అతుక్కొని ఉంది. పలుచోట్ల పాథాలజిస్టులు భద్రపరచిన పాత కణజాలాన్ని తిరిగి పరీక్షించగా, ఎసినిక్ సెల్ కార్సినోమాగా నమోదైన వాటిలో కొన్ని ఈ కొత్త కోవకు చెందినవని తేలింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో దీనికి ‘సెక్రీటరీ కార్సినోమా’ అనే పేరును స్వీకరించింది.

ఈ క్యాన్సర్ సోకినవారిలో అధికులకు శస్త్రచికిత్సే ప్రధాన చికిత్స. వ్యాధి ఇతర అవయవాలకు పాకినప్పుడు పేరు విలువ తెలుస్తుంది. అతుక్కున్న ఆ జన్యువులు, కణాన్ని నిరంతరం పెరగమని పురిగొల్పే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. దానిని అడ్డుకొనే లారోట్రెక్టినిబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. ఎసినిక్ సెల్ కార్సినోమా అన్న పాత పేరుతోనే ఉండిపోయిన రోగికి ఆ మందు సంగతి ఎవరూ తలపెట్టరు.

కనుక చెవి వద్ద గాని, దవడ కింద గాని గడ్డ రెండు మూడు వారాలకు మించి నిలిస్తే, నొప్పి లేదని ఉపేక్షించకండి. ముఖంలో ఒకవైపు బలహీనత తోస్తే అసలే ఆలస్యం వద్దు. శస్త్రచికిత్స జరిగినవారు పాథాలజీ నివేదికను భద్రపరచుకోండి. స్లైడ్లు, మైనపు దిమ్మెలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకొని ఉండండి. రేపు రెండవ అభిప్రాయం అవసరమైతే పరీక్షించవలసింది వాటినే.