చవక ప్రయాణానికి ముందే చెల్లించినవాళ్లు

హైదరాబాద్ కోటగోడకున్న దర్వాజాల్లో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. గోడా పోయింది, దర్వాజా పోయింది. ఇప్పుడు ఇక్కడివాళ్లు ఊరు దాటాలంటే యాకుత్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి, కాచిగూడలోనో సికింద్రాబాద్‌లోనో దూరపు బండి అందుకుంటారు. తక్కువ ఖర్చుతో ప్రయాణమంటే ఆఫర్లు వెతుక్కోవడమేనని ఈ రోజుల్లో అనుకుంటున్నాం. పాతబస్తీ చరిత్ర చూస్తే సంగతి వేరు. బసకో బండికో ఎవరో ముందే డబ్బు పెట్టి ఉంచితేనే సామాన్యుడు కదలగలిగాడు.

మొదట కుదిరింది బస. కుతుబ్‌షాహీల కాలంలోనే షేక్‌పేటలో బాటసారుల కోసం సరాయి కట్టారు. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి, హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామి ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, దిగడానికి ఎక్కడ వసతి ఉందో శ్రద్ధగా రాసుకున్నాడు. డేరాలు, బోయీలు, పరివారం ఉన్నవాడికే అంత జాగ్రత్త కావలసి వచ్చింది. ఏమీ లేనివాడికి సత్రమో సరాయో లేకపోతే యాత్రే లేదు.

ఈ ఏర్పాట్లన్నిటిలో నాకు గొప్పగా తోచేది హైదరాబాద్‌కు వేల మైళ్ల దూరాన ఉంది. 1857 నుంచి 1869 దాకా పాలించిన ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో హైదరాబాద్ సంస్థానపు హజ్ యాత్రికుల కోసం మక్కా, మదీనాల్లో భవనాలు సమకూర్చారు. వాటినే రుబాత్ అంటారు. హరం మసీదు విస్తరణలో పాత భవనాలు చాలావరకు కూలిపోయినా మక్కాలో ఆ ఏర్పాటు నిలిచింది. సంస్థానం 1948లోనే పోయింది, దాని సరిహద్దు మాత్రం ఈ బసలో మిగిలింది: తెలంగాణవాళ్లూ, ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో కలిసిన పాత నిజాం జిల్లాలవాళ్లూ దీనికి అర్హులు. చోటు కొద్ది, అడిగేవాళ్లు ఎక్కువ, అందుకే డ్రా తీస్తారు. పేరు వచ్చినవాళ్లకు బస అద్దె మిగులుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టి హజ్‌కు వెళ్లే పాతబస్తీ దర్జీకో చిల్లర వ్యాపారికో అది చిన్న మొత్తం కాదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక గుల్బర్గా బందేనవాజ్ దర్గా దగ్గరైంది. మూడో తరగతి పెట్టెల్లో ఇరుక్కుని వెళ్లినా, వెళ్లగలగడమే పెద్ద మార్పు. దారిబత్తెం మాత్రం ఇంటి ఆడవాళ్ల చేతి పనే. ఎండిపోకుండా గుడ్డలో చుట్టిన పరాఠాలు, నీళ్లు ఇగిరిపోయేదాకా వేయించిన ఖీమా, నూనె తేలిన టమాటా చట్నీ: ఒకటిన్నర రోజు ప్రయాణమైనా స్టేషన్లలో టీకి తప్ప జేబులో చెయ్యి పెట్టనక్కర్లేదు. షాద్‌నగర్ వైపు జహంగీర్‌పీర్ దర్గాకు కందూరు చేయడానికి వెళ్లే కుటుంబాలైతే గిన్నెలు, బియ్యం, మేకపోతుతో సహా కదులుతాయి. మొక్కు తీరుతుంది, చెట్ల కింద బంధువులంతా కలిసి తింటారు. వేసవి సెలవుల్లో చాలామంది పిల్లలకు తెలిసిన విహారయాత్ర అదే.

1919లో నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఏడో నిజాం కట్టించిన సరాయి రైలు దిగినవాళ్లకు నీడనిచ్చింది. అది శిథిలమైపోవడం ఈ నగరానికి తగని పని. దాని చుట్టూ లాడ్జిలు లేచాయి, సరాయి చేసిన పని చేసేవాళ్లు లేరు.

బస్సు కథ ఇంకో దారి పట్టింది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా నేటి ఆర్టీసీకి మూలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. తల్లి, అత్త, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంట్లో జీరో టికెట్లు చేతికొస్తే చార్జీ లెక్కే మారిపోతుంది. ఒకప్పుడు దాతలు బసకు పెట్టినదాన్ని ఇప్పుడు ప్రభుత్వం బండికి పెడుతోంది. రెండూ ఒకచోట కలిసింది తక్కువ. తిరుమలలో 1985లో మొదలైన ఉచిత అన్నదానం, చవక గదులు ఆ లోటు చాలావరకు తీర్చాయి, కానీ అవి యాత్రికులకు. నాగార్జునసాగర్ చూడాలని బయల్దేరిన యాకుత్‌పురా కుటుంబం చీకటి పడకముందే వెనక్కి బస్సెక్కడానికి కారణం గది అద్దె.