చందాదారుడు, పత్రికాధిపతి

1902వ సంవత్సరమున బందరులో కొండా వెంకటప్పయ్యగారును దాసు నారాయణరావుగారును కృష్ణాపత్రికను ప్రారంభించిన నాడు, పత్రిక నడుపుట ధనార్జనమార్గమని తలచినవారు తెలుగునాట మిక్కిలి అరుదు. అక్షరాస్యులే కొద్దిమంది, అందును పత్రిక కొని చదువువారు మరింత కొద్దిమంది, కొన్నవారిలోను ఏడాది చందా సకాలమున చెల్లించువారు ఇంకను తక్కువ. పోస్టుమాను తెచ్చిన వి.పి.పి. కట్టను పుచ్చుకొనక తిప్పిపంపు చందాదారుని వలన కలుగు నష్టము ఆ కాలపు సంపాదకులకు అనుభవైకవేద్యమే. 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు ఆ పత్రికకు సంపాదకులైయుండిన ముట్నూరి కృష్ణారావుగారి లేఖిని దేశమునకు చేసిన ఉపకారము అపారమైనది; కాని లేఖినియొక్క బలము కాగితమునకును అచ్చుకూలికిని మారకము కాజాలదు. పాఠకుడిచ్చునది చాలనపుడు మిగిలినది మరియొకరు ఇయ్యవలసినదే. ఆ యిచ్చువాడెవడో, ఏల యిచ్చుచున్నాడో విచారింపక ఏ పత్రిక చరిత్రయు మనకు బోధపడదు.

ఇందుకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రను మించిన నిదర్శనము లేదు. వారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును తయారుచేయ మొదలిడి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి ప్రచారము కల్పించి, సీసా పది అణాల చొప్పున విక్రయించి ఐశ్వర్యవంతులైరి. 1908లో ఆ బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914 ఏప్రిల్ 1 మొదలుకొని మద్రాసునుండి దినపత్రికగా నడపిరి. 1924లో భారతిని, పిదప ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పిరి. నొసట రాచుకొను లేపనమును అమ్మగా వచ్చిన ధనము ఆంధ్రోద్యమమునకును, స్వరాజ్యోద్యమమునకును, గ్రంథాలయములకును, మన వాఙ్మయపరిశోధనకును ఆలంబనమయ్యెను. 1910 నాటి ప్రెస్సు చట్టము చేత ధరావతు కోరుటకును, కోరి పుచ్చుకొన్న దానిని జప్తు చేయుటకును ప్రభుత్వమునకు అధికారము గల రోజులలో, చందాలను మాత్రమే నమ్ముకొన్న పత్రిక ఒక్క ఉత్తరువుతో మూతపడగలదు. వెనుక నొక వ్యాపారము నిలిచియున్న పత్రిక ఆ దెబ్బకు ఓర్చుకొనగలదు. యాజమాన్యమనగానే శంకించువారు ఈ సంగతిని మరువరాదు. అయినను, ఆంధ్రపత్రిక స్వాతంత్ర్యము పంతులుగారి శీలమును ఆశ్రయించి నిలిచినదే గాని, వారి యనంతరము సైతము నిలువగల కట్టుబాటును దేనిని ఆశ్రయించి నిలిచినది కాదు. దేశోద్ధారకుడు యజమాని యగుట ఆ తరము పాఠకుల భాగ్యము. భాగ్యమును వారసత్వముగా వ్రాసియిచ్చుట ఎవరి తరము?

1938 ఆగస్టు 15న రామనాథ్ గోయెంకా మద్రాసున ఆంధ్రప్రభను స్థాపించెను. వ్రాయువాడు వేరు, సొత్తుగలవాడు వేరు అను భేదము తెలుగు పత్రికాలోకమున అప్పటినుండి ప్రస్ఫుటమయ్యెను. 1942లో సంపాదకత్వమును వహించిన నార్ల వెంకటేశ్వరరావుగారు, పండితశైలిని విడనాడి, సామాన్యునకు సూటిగా తాకు తెలుగులో సంపాదకీయములు వ్రాసి, ఆ పత్రికకు గొప్ప పలుకుబడిని సంపాదించిపెట్టిరి. 1959లో మద్రాసున కార్మికుల సమ్మె రాగా, గోయెంకా అచటి ప్రచురణను నిలిపి పత్రికను ఆంధ్రదేశమునకు తరలింపబూనెను. ఆ కల్లోలమునందే యాజమాన్యమునకును సంపాదకునకును పొసగక, పదునేడేండ్లు నడపిన పత్రికను నార్లగారు వీడిపోయిరి. పాఠకులు నిత్యము పైకమిచ్చి కొనుచుండినది ఎవరి వ్రాతకై యని ఆనాడు ప్రశ్నించినచో, నార్లవారి వ్రాతకై యనియే పెక్కుమంది బదులు చెప్పియుందురు. కాని వారిని ప్రశ్నించినవారు లేరు, ప్రశ్నింపవలెనను నియమమును లేదు. 1960 జులై 1న కె.ఎల్.ఎన్. ప్రసాద్ ప్రభృతుల పెట్టుబడితో, నార్లవారి సంపాదకత్వమున, విజయవాడయందు ఆంధ్రజ్యోతి అవతరించెను. యజమానితో పొసగని సంపాదకుడు స్వతంత్రుడగుటకు సయితము వేరొక యజమాని కావలసివచ్చెను! అంతకు మునుపే, 1952లో, అదే నగరమున కమ్యూనిస్టుల విశాలాంధ్ర వెలువడియుండెను. దాని యజమాని యెవరో పాఠకునకు తెలియును, ఆ పత్రిక దాచిపెట్టను లేదు. ఆ నిష్కాపట్యము నాకు గౌరవనీయముగానే తోచును.

ధనికుల పత్రికలు చౌకగా నెక్కువ పుటలిచ్చి చిన్న పత్రికలను మ్రింగివేయునను భయముతో, కేంద్రప్రభుత్వము 1956లో వెలకును పుటల సంఖ్యకును ముడివేయుచు ఒక చట్టము చేసి, 1960లో దానిని అమలుపరుప ఉత్తరువిచ్చెను. పూనానుండి వెలువడు సకాల్ అను మరాఠీ పత్రిక సుప్రీంకోర్టునకెక్కగా, వెల హెచ్చినచో పాఠకులు తగ్గుదురనియు, అది వాక్స్వాతంత్ర్యమునకే భంగమనియు నిర్ణయించి, 1961లో న్యాయమూర్తులు ఆ చట్టమును కొట్టివేసిరి. తీర్పు న్యాయమైనదే, భయమును నిరాధారమైనది కాదు.

పిదపటి చరిత్ర మనమందరము కన్నదే. 1974లో విశాఖపట్టణమున రామోజీరావు ఈనాడును ప్రారంభించునాటికి ఆయనకు చిట్‌ఫండు వ్యాపారము కలదు. తెల్లవారకమునుపే పత్రికను గుమ్మమునకు చేర్చు నేర్పును ఆయన చూపెను. 1983 ఎన్నికలలో ఆ పత్రిక తెలుగుదేశమునకు బాసటయయ్యెను. 2008లో, తండ్రి ముఖ్యమంత్రిగా నుండగా, వై.ఎస్. జగన్మోహనరెడ్డి స్థాపించిన సాక్షి ఒక్కనాడే 23 కేంద్రములనుండి వెలువడెను. చదువరి చెల్లించు కొద్ది రూపాయలు న్యూస్‌ప్రింటు ఖరీదునకే చాలని స్థితిలో, తక్కిన భారమును ప్రకటనదారుడు, ప్రభుత్వము, యజమాని మోయుచుండిరి.

ఇక అంతర్జాలము. గత శతాబ్ది చివరి సంవత్సరములలో మన పత్రికలు ఒక్కొక్కటి తనదైన ఫాంటుతో తెరకెక్కెను. ఆ ఫాంటును దించుకొని, అమెరికాలోని తెలుగువారు స్వగ్రామపు వార్తలను కానీ ఖర్చు లేక చదువుకొనిరి. ఉచితమను అలవాటు అట్లు పాతుకొనెను. భారతదేశమున ది హిందూ 2019లో తన వెబ్‌సైటునకు చందా విధించినపుడు విస్మయపడిన వారికి, అమెరికాలో వాల్‌స్ట్రీట్ జర్నల్ 1997 నాటికే అట్లు చేయుచుండెనని తెలియకపోవచ్చును. చందా వచ్చిన పిమ్మట పత్రిక పాఠకాధీనమగునని వాదించువారికి ఆ పత్రిక కథయే సమాధానము. లక్షలమంది వెల చెల్లించుచుండగానే, 2007లో రూపర్ట్ మర్డోక్ సంస్థ దాని మాతృసంస్థను 500 కోట్ల డాలర్లకు కొనెను. సంపాదకుని రక్షణకై ఒక సంఘమును నియమించిరి. మరుసటి వత్సరముననే సంపాదకుడు మార్కస్ బ్రాక్లీ తప్పుకొనగా, ఆ సంఘమునకు వార్త ఆలస్యముగా అందెను. లండను టైమ్సు విషయమునను అంతే: 1981లో అదే మర్డోక్ స్వాతంత్ర్యమునకు హామీలిచ్చి కొన్న ఆ పత్రికకు సంపాదకుడైన హెరాల్డ్ ఎవాన్స్, ఏడాదికే, 1982లో వైదొలగెను. 2010లో టైమ్సు తెరమీది పుటలకు వెల కట్టిరి. ఆ వెల చెల్లించినవారికి లభించినది చదువు హక్కు మాత్రమే.

చందా చెల్లింపుడని నేనును కోరుదును. విలేఖరి జీతము గాలినుండి రాదు. కాని చెల్లించువాడు తెలిసికొనవలసినది మరియొకటి కలదు. 1956 నాటి వార్తాపత్రికల నిబంధనల ప్రకారము, ఏటేట ఫిబ్రవరి ముగిసిన పిదప వెలువడు మొదటి సంచికలో, నాలుగవ ఫారమను పేర, ప్రతి పత్రికయు తన ముద్రాపకుని, ప్రచురణకర్తను, సంపాదకుని, మూలధనమున నూటికి ఒక వంతునకు మించి వాటాగల వారిని పేర్కొనవలసియుండెను. ఏ మూలనో సన్నని అక్షరములలో పడు ఆ ప్రకటనను చదివిన పాఠకులు ఎందరు? అంతర్జాలమున చందా కోరు ప్రతి పత్రికయు, అడిగిన వెల ప్రక్కనే, అంతే పెద్ద అక్షరములతో, ఆ వాటాదారుల పట్టికను, వారికి గల తక్కిన వ్యాపారములను, పార్టీ సంబంధములను ప్రకటించుట అవసరమని నా దృఢాభిప్రాయము. ఈ కోరికను సంపాదకులకు ఉత్తరముగా వ్రాయు హక్కు చందాదారునకు ఈనాడే కలదు.