డర్బన్ తీరం, కూరగాయల గంప



ఊరి సంతలో మనవాళ్ళు ఏ మూలన కూర్చుని అమ్మేవాళ్ళో మీ అవ్వాతాతల్ని అడగండి. సంత చరిత్ర అంటే సరుకుల చరిత్ర అని నేను క్లాసులో ఎప్పుడూ చెప్పను. ఎవరు అమ్మొచ్చు, ఎవరు కొనొచ్చు, ఎవరు ఎక్కడ నిలబడొచ్చు అని తేల్చిన అధికారం చరిత్ర అది. ఈ వారం దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్దాం. మనవాళ్ళు మనకంటే ముందే అక్కడికి వెళ్ళారు.

డర్బన్ హిందూ మహాసముద్రం ఒడ్డున ఉన్న సెలవుల నగరం. టూరిస్టులు బీచ్ దగ్గర జూలూ పూసల దండలు కొంటారు. విక్టోరియా స్ట్రీట్ మార్కెట్లో మసాలా పొడులు కొని, 'ఇండియన్ మార్కెట్' అని ఫోటో తీసుకుంటారు. ఆ మసాలా అక్కడికి ఎట్లా చేరింది?

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల కోసం 1911 దాకా 1,52,184 మందిని కూలి ఒప్పందం మీద తీసుకుపోయారు. మూడింట రెండొంతుల మంది మద్రాసు వైపు నుంచి వెళ్ళినవాళ్ళే. అందులో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళున్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరుతోపాటు కులం కాలమ్ కూడా ఉంది. మాల, పరియా అన్న మాటలు అందులో కనిపిస్తాయి. సముద్రం దాటితే కులం పోతుందనేవాళ్ళు ఆ జాబితాలు చూడాలి. గుమాస్తా కలం దాన్ని భద్రంగా ఒడ్డు దాటించింది.

ఐదేళ్ళ గడువు తీరాక చాలామంది నగరం అంచుల్లో కూరగాయలు పండించారు. గంప మోసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మారు. కూలి ఒప్పందం నుంచి బయటపడి అక్కడే ఉండిపోదామనుకుంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలన్నది 1895 చట్టం. మరోపక్క సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చిన గుజరాతీ వర్తకులు గ్రే స్ట్రీట్‌లో దుకాణాలు పెట్టారు. ఇద్దరూ 'ఇండియన్లే'. ఒకరికి గంప, ఒకరికి గల్లాపెట్టె.

1897లో నాటాల్ ప్రభుత్వం వ్యాపార లైసెన్సుల చట్టం తెచ్చింది. అందులో ఏ జాతి పేరూ లేదు. లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో ఉండాలన్నారు. లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టమన్నారు. కోర్టుకు పోయే దారి మూసేశారు. దెబ్బ ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. విద్యార్థి మిత్రులు ఇది గుర్తుపెట్టుకోండి: పేరు చెప్పకుండా వేటు వేయడం చట్టానికి బాగా తెలుసు.

బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత డర్బన్ బజార్లో కళ్ళకు కడుతుంది. పైమెట్టు మీద వెస్ట్ స్ట్రీట్ తెల్లవాళ్ళు. నడిమెట్టు మీద ఇండియన్లు, వాళ్ళలో మళ్ళీ పైవాడూ కిందివాడూ. అడుగున ఆ నేలకు సొంతవాళ్ళైన ఆఫ్రికన్లు. నగరం నడిబొడ్డున వాళ్ళకు దుకాణం పెట్టుకునే దారి దాదాపు లేదు. 1949 జనవరిలో ఆ కోపం పక్కమెట్టు మీద బద్దలైంది. ఆఫ్రికన్లు ఇండియన్ల మీద దాడులు చేశారు. మొత్తం 142 మంది చనిపోయారు. వాళ్ళలోనూ ఆఫ్రికన్లే ఎక్కువ. మెట్లు కట్టినవాడి మీద ఈగ వాలలేదు.

ఆ మరుసటి ఏడాదే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి ఎవరు ఎక్కడ బతకాలో గీతలు గీసింది. 1953 చట్టంతో బీచ్‌లనూ జాతివారీగా పంచడానికి చట్టం అండ దొరికింది. ఈ స్నానఘట్టం తెల్లజాతికి మాత్రమే అని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జూలూ మూడు భాషల్లోనూ బోర్డులు పెట్టారు. ఊరికి కూర పండించినవాడు ఊరి సముద్రంలో కాలు పెట్టకూడదు. చెరువు దగ్గర మన తాతలు విన్న మాట ఇదే. మహద్‌లో 1927లో మనం తెంచిన గీత ఇదే.

1994లో ఓటు వచ్చింది. అంతటితో అయిపోయిందా? వార్విక్ ప్రాంతంలో 1934లో కట్టిన ఎర్లీ మార్నింగ్ మార్కెట్ ఉంది. బస్సులు, ట్యాక్సీలు దిగే పేద జనం కూరలు కొనుక్కునే చోటు. 2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ముంగిట, 2009లో, దాన్ని తీసేసి షాపింగ్ మాల్ కట్టాలని నగరపాలక సంస్థ తలపెట్టింది. అడ్డం నిలిచిన వ్యాపారుల మీద పోలీసులు రబ్బరు తూటాలు పేల్చారు. ఈసారి కూలీల మనవళ్ళు, మనవరాళ్ళు, ఆఫ్రికన్ అమ్మకందారులు ఒక్క వరుసలో నిలబడ్డారు. వీధిలోనూ, కోర్టులోనూ కొట్లాడారు. 2011లో నగరం ఆ మాల్ ఆలోచన మానుకుంది. 1949లో ఒకరి మీద ఒకరు పడ్డ మెట్లవాళ్ళు కలిసి నిలబడి గెలిచారు. నాకు డర్బన్ నేర్పిన పాఠం ఇది.

మన దగ్గర కూడా టూరిస్టులొస్తున్నారంటూ, సుందరీకరణ అంటూ తోపుడుబండ్లు లేపేస్తూనే ఉన్నారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల సొంత ప్రతినిధులు ఉండాలి. వాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలి. ఎస్సీ, ఎస్టీలకు తగిన చోటుండాలి. మీ ఊళ్ళో ఆ కమిటీ ఉందా? అందులో గంప మోసే అమ్మ పేరుందా? మునిసిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు కింద కామెంట్లో రాయండి.