ఆ కొక్కెం ఎప్పుడు వదలాలి?

ఓడ పక్కన వేలాడే ప్రాణరక్షక పడవను కళాసీ నుంచి కెప్టెన్ దాకా అందరూ లైఫ్‌బోట్ అనే పిలుస్తారు. దాన్ని రెండు కొక్కేలు పట్టుకుని ఉంటాయి, ముందు ఒకటి, వెనక ఒకటి. వాటి పని చెప్పడం తేలికే. పడవ గాలిలో ఉన్నంతసేపూ ఏం జరిగినా వదలకూడదు. నీళ్ల మీదికి దిగాక క్షణం ఆలస్యం లేకుండా రెండూ ఒక్కసారే వదిలేయాలి. ఈ రెండు పనులూ ఒకే ఇనుప ముక్క చేత నమ్మకంగా చేయించడానికి మనిషి నూట యాభై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నాడు. వదలాల్సినప్పుడు వదలక కొందరు పోయారు. పట్టుకోవాల్సినప్పుడు వదిలేసి మరికొందరు పోయారు. మొదటి రకం చావుల మీద పుస్తకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. రెండో రకం చావులు ఒడ్డున ఉన్నవాళ్ల చెవిన పడిందే తక్కువ. ఈ వ్యాసం రాయడానికి కారణం అలా పోయినవాళ్లే.

తెరచాపల కాలంలో పడవ రెండు కొసలకూ ఇనుప రింగులుండేవి. ఓడ మీద నుంచి కప్పీల గుండా దిగిన తాళ్ల కొక్కేలను వాటికి తగిలించేవారు. పైనున్న కళాసీలు రెండు తాళ్లనూ సమానంగా జారవిడిచేవారు. బావిలో చేద నీళ్లను తాకగానే చేంతాడు వదులైనట్టు, పడవ నీళ్ల మీద కూర్చోగానే తాళ్ల మీద బరువు పోతుంది. అప్పుడు పడవలో ముందొకడు, వెనకొకడు చేత్తో కొక్కెం ఊడదీయాలి. అలల్లేని రేవులో ఇందులో కష్టమేమీ లేదు. నడుస్తున్న ఓడ నుంచి, ఎగసిపడే సముద్రంలోకి దించితే మాత్రం కథ వేరు. ముందు కొక్కెం ఊడి వెనకది ఊడకపోతే పడవ గిరుక్కున తిరిగి, ఓడ వెంట ఈడ్చుకుపోతూ నీళ్లు నిండి మునుగుతుంది. సముద్రంలో పడ్డ ఒక్క మనిషిని తేబోయి పడవలో ఉన్నవాళ్లందరూ పోయిన సందర్భాలు ఆ కాలంలో అరుదేమీ కాదు.

1850లలో ఇంగ్లండ్‌లో చార్లెస్ క్లిఫర్డ్ అనే ఆయన దీనికొక ఉపాయం కనిపెట్టాడు. పడవలో కూర్చున్న ఒకే ఒక్క మనిషి, చేతిలోని తాడును జారవిడుస్తూ రెండు కొసలనూ ఒకే వేగంతో దించగలడు. నీళ్లను తాకాక రెండు కొసలూ కలిసే విడిపోతాయి. పైవాళ్ల చేతుల్లో ఉన్న పగ్గం పడవలోవాళ్ల చేతికి వచ్చింది. తర్వాత వచ్చిన ప్రతి యంత్రంలోనూ ఈ ఆలోచనే ఉంది.

టైటానిక్ పడవలకూ అలాంటి ఏర్పాటు ఉండేదని చాలామందికి తెలియదు. పడవలు సరిపోలేదన్న సంగతి లోకమంతా ఎరుగును. ఓడలో దాదాపు 2,200 మంది, 20 పడవల్లో చోటు 1,178 మందికి. అయితే ఆ పడవలకు మర్రే పేరుతో పిలిచే విడుదల యంత్రం అమర్చారనీ, కావాలంటే రెండు కొసలనూ ఒకేసారి విడిపించే వీలుందనీ బ్రిటిష్ విచారణ నివేదికలో స్పష్టంగా ఉంది. యంత్రం ఉంది. దాన్ని వాడడం ఎవరికి తెలుసన్నదే ప్రశ్న. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున 13వ నంబరు పడవ ఆ ప్రశ్నకు జవాబిచ్చింది.

ఆ పడవలో లారెన్స్ బీస్లీ అనే సైన్సు మాస్టారున్నాడు. తాను చూసినదంతా ఆ ఏడే పుస్తకంగా రాశాడు. పడవ నీళ్లకు దిగింది. ఓడ పక్క నుంచి ధారగా తోసుకొస్తున్న నీళ్లు దాన్ని వెనక్కి నెట్టాయి. సరిగ్గా దాని నెత్తినే 15వ నంబరు పడవ దిగుతోంది. కింద 13వ పడవ తాళ్లు ఇంకా ఊడలేదు. విడిపించే చీల కాళ్ల కింద ఎక్కడో ఉందని ఎవరో అన్నారు. చీకట్లో తడిమారు. కిక్కిరిసి నిలబడ్డ జనం కాళ్ల మధ్య అది దొరకలేదు. పైపడవ అడుగుభాగం చేతికందేంత దగ్గరకు వచ్చేసింది. బాయిలర్ గదిలో బొగ్గు వేసే ఫ్రెడ్ బ్యారెట్ కత్తి తీసి తాళ్లు కోశాడు. పడవ తప్పుకుంది, వెంటనే ఆ చోటనే 15వ పడవ నీళ్లలోకి దిగింది. యంత్రం చేయాల్సిన పని ఒక కత్తి చేసింది. తాడు గనక కోయగలిగారు. ఇప్పటి పడవలకున్నది ఉక్కు తీగ, దాన్ని ఏ కత్తీ కోయలేదు.

టైటానిక్ తర్వాత 1914లో లండన్‌లో పలు దేశాలు కూర్చుని సముద్ర భద్రతపై తొలి ఒడంబడిక రాసుకున్నాయి. అందరికీ పడవలుండాలన్నారు. మరుసటి ఏడాదే, 1915 మే 7న, జర్మన్ టార్పెడో తగిలి లూసిటానియా ఐర్లండ్ తీరాన మునిగింది. దాని మీద 48 పడవలున్నాయి, చోటుకు కరవు లేదు. కానీ ఓడ ఒక పక్కకు ఒరిగి 18 నిమిషాల్లోనే మునిగిపోయింది. క్షేమంగా నీళ్ల మీదికి చేరినవి ఆరు. దాదాపు 1,200 మంది చనిపోయారు. పడవ ఉండడం వేరు, పడవ ఓడను వదిలి బయటపడడం వేరన్న సంగతి ఆ రోజే రుజువైంది. అయినా ఆ తర్వాత దశాబ్దాల పాటు నియమాల చర్చంతా పడవల లెక్క, వాటి చోటు, దించే చేతుల చుట్టూనే ఎక్కువగా తిరిగింది. కొక్కెం వంతు రావడానికి మరో 65 ఏళ్లు, మరో ఘోరం పట్టాయి.

1980 మార్చి 27, ఉత్తర సముద్రంలో నార్వే వైపున్న ఎకోఫిస్క్ చమురు క్షేత్రం. అలెగ్జాండర్ కీలండ్ అనేది ఐదు కాళ్ల తేలే వేదిక, నార్వే రచయిత పేరు పెట్టుకున్నది. పక్కనున్న ఎడ్డా వేదిక మీద పనిచేసేవాళ్లకు దాన్ని బసగా వాడుతున్నారు. ఆ సాయంత్రం అందులో 212 మంది. డ్యూటీ దిగినవాళ్లలో చాలామంది సినిమా హాల్లో ఉన్నారు. బయట వాన, పొగమంచు, 12 మీటర్ల దాకా లేస్తున్న అలలు. ఆరున్నర కావస్తుండగా ఒక కాలు విరిగి ఊడిపోయింది. ఒక చిన్న పరికరాన్ని బిగించడానికి వేసిన 6 మిల్లీమీటర్ల వెల్డింగ్ దగ్గర పుట్టిన పగులు పెరిగి పెరిగి ఆ పని చేసిందని తర్వాత తేలింది. వేదిక 30 డిగ్రీలకు పైగా ఒరిగి, ఇంకా తెగని ఒకే ఒక్క లంగరు తీగను పట్టుకుని కాసేపు నిలిచింది. ఇరవై నిమిషాలు కాస్త అటూ ఇటుగా. తర్వాత ఆ తీగా తెగింది, వేదిక తలకిందులైంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో కాస్త నిలిచి చూడాలి. ఒక్కొక్కటీ 50 మంది పట్టే లైఫ్‌బోట్లు ఏడున్నాయి. నాలుగింటిని దించారు. వాటి కొక్కేలకు ఒక భద్రతా ఏర్పాటుంది: తీగ మీద బరువున్నంతసేపూ కొక్కెం తెరుచుకోదు. గాలిలో ఎవరూ పొరపాటున వదిలేయకుండా పెట్టిన జాగ్రత్త అది. కానీ ఆ సముద్రంలో అల పడవను పైకెత్తినప్పుడు తీగ వదులవుతుంది, అల కిందికి జారగానే మళ్లీ బిగుస్తుంది. రెండు కొక్కేల మీదా ఒకేసారి బరువు పోయే క్షణం దొరకదు. దొరికినా అందుకునేలోపే పోతుంది. నాలుగు పడవల్లో తీగల నుంచి సవ్యంగా విడిపోయింది ఒక్కటే. మిగతావి వేలాడుతూ వేదికకు కొట్టుకున్నాయి. వేదిక తిరగబడ్డప్పుడు మరో పడవ దానంతటదే ఊడి బోర్లా తేలింది. లోపలివాళ్లు దాన్ని నిలువుకు తిప్పి, నీళ్లలో ఉన్న 19 మందిని లాగి ఎక్కించుకున్నారు. మొత్తం 123 మంది చనిపోయారు. కాపాడాల్సిన జాగ్రత్తే వాళ్లను కదలనివ్వలేదు.

దాంతో తీర్పు వదిలే వైపు మొగ్గింది. 1986 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నియమాల ప్రకారం కొత్త ఓడల లైఫ్‌బోట్ల కొక్కేలు బరువు మీద ఉన్నా తెరుచుకోగలగాలి. దీన్నే ఆన్‌లోడ్ రిలీజ్ అంటారు. పడవ నడిపే మనిషి పక్కన ఒక మీట, అక్కడి నుంచి రెండు కొసలకూ కేబుళ్లు. మీట లాగితే రెండు కొక్కేలూ కలిసి తెరుచుకుంటాయి. పడవ అడుగు నీళ్లను తాకి, ఆ ఒత్తిడి ఒక పొరను నొక్కితేనే మీట కదిలేలా అడ్డు కూడా పెట్టారు. తప్పనిసరైతే అద్దం పగలగొట్టి ఆ అడ్డును తప్పించవచ్చు. కీలండ్ మీద ఇదే ఉండి ఉంటే ఎందరో బతికేవాళ్లన్నది నిజం. నియమం రాసినవాళ్లను నేను తప్పు పట్టను. ఆ తర్వాత వచ్చిన కొక్కేలను చూసీ చూడనట్టు వదిలేసిన ఏళ్లనే తప్పు పడతాను.

కొక్కెం లోపల ఏముందో చూస్తే విషయం తెలుస్తుంది. కొక్కెం వెనక ఒక తోక ఉంటుంది. దాన్ని ఒక గుండ్రటి కడ్డీ అడ్డుకుని నిలుపుతుంది. ఆ కడ్డీకి ఒకచోట సగం దాకా కోసేసిన చదును ఉంటుంది. మీట లాగితే కేబుల్ కడ్డీని తిప్పుతుంది, చదును వైపు తోకకు ఎదురుగా రాగానే తోక జారిపోతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. టన్నుల బరువంతా ఆ కడ్డీకీ తోకకూ మధ్యనున్న చిన్న ఆనిక మీద నిలిచి ఉంటుంది. కడ్డీ పూర్తిగా తిరిగి రాకుండా కొన్ని డిగ్రీల దూరంలో ఆగిపోయినా, ఉప్పుగాలికి తుప్పు పట్టినా, అరిగినా, కేబుల్ సాగినా ఆ ఆనిక తగ్గిపోతుంది. చాలా నమూనాల్లో అసలు లోపం ఇంకొకటి. ఆనిక తగ్గేకొద్దీ పడవ బరువే కడ్డీని తెరుచుకునే వైపు తిప్పేది. అంటే ఆ కొక్కెం మూసి ఉంచాలంటే ఎప్పుడూ ఏదో ఒకటి దాన్ని బలవంతంగా పట్టి ఉంచాలి, లేదంటే తెరుచుకోవడమే దాని స్వభావం.

ఇక దాన్ని మూసేదెవరు? ప్రతి లైఫ్‌బోట్‌నూ మూడు నెలలకోసారి నీళ్లలోకి దించి నడిపి చూడాలని నియమం. దించి, నడిపి, వెనక్కి వస్తారు. అప్పుడు ఎగిరెగిరిపడే పడవ ముక్కున ఒకరు, తోకన ఒకరు నిలబడి, తలల పక్కన ఊగే బరువైన కప్పీని ఒక చేత్తో ఆపుకుంటూ, కొక్కేన్ని తగిలించి, లోపల కడ్డీ తిరిగి తన చోటికి వచ్చిందో లేదో చూసుకోవాలి. విశాఖ నుంచో, కోస్తాలో ఏదో ఊరి నుంచో ఓడెక్కిన మన పిల్లలు చేసే పనుల్లో ఇదీ ఒకటి. కొక్కెం బయటికి మూసినట్టే కనిపిస్తుంది. పడవను పైకి లాగడం మొదలవుతుంది. పది, పదిహేను మీటర్ల ఎత్తుకు వచ్చాక ఒక కొస వదిలేస్తుంది. పడవ రెండో కొసన నిలువుగా వేలాడి, అదీ ఊడి, మనుషులతో సహా నీళ్ల మీద పడుతుంది. ఆ ఎత్తు నుంచి పడితే నీళ్లు రాతి నేలతో సమానం.

2001లో బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం పదేళ్ల ప్రమాదాలను తిరగేసి ఒక నివేదిక ఇచ్చింది. ఆ పదేళ్లలో లైఫ్‌బోట్లు, వాటిని దించే యంత్రాల వల్ల చనిపోయిన నావికులు 12 మంది, గాయపడినవాళ్లు 87 మంది. వాణిజ్య ఓడల మీద ఆ విభాగం నమోదు చేసిన మరణాల్లో ఇది 16 శాతం. ఇవన్నీ డ్రిల్లుల్లోనో పరీక్షల్లోనో జరిగాయి. అక్కడున్నవాళ్లు అనుభవం, అర్హత ఉన్న నావికులే.

ఈ చివరి మాట దగ్గర కోపం ఆగదు. అంతకు ముందూ, ఆ తర్వాతా ఎన్నో నివేదికల్లో కారణం గడిలో కనిపించేది సిబ్బంది పొరపాటు, శిక్షణ లోపం అన్న మాటలే. ఊగే పడవలో తడిచేతులతో కొన్ని డిగ్రీల తేడాను కంటితో కొలవాల్సి వచ్చేలా యంత్రం చేసి, కొలవలేకపోయినవాణ్ణి తప్పుబట్టడం న్యాయం కాదు. పైగా ఆ యంత్రాల నమూనాలు ఒక్కో తయారీదారుకు ఒక్కో రకం. ఒక ఓడలో నేర్చుకున్నది మరో ఓడలో పనికిరాదు. నివేదికల్లో పేరు కూడా లేని ఆ నావికుల ఇళ్లకు వెళ్లిన కబురు ఎలా ఉండి ఉంటుంది? తుపానూ లేదు, ఓడా మునగలేదు. భద్రత కోసం చేసే సాధనలో పోయాడని.

లోకం మెల్లగా కదిలింది. 2009లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒక మధ్యంతర మార్గం సూచించింది. కొక్కెం తెరుచుకున్నా పడవ పడకుండా బలమైన పట్టీనో, అడ్డు చీలనో పెట్టాలి. నిజంగా ఓడ వదిలి వెళ్లాల్సిన రోజు దాన్ని తీయడం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, లేదంటే మళ్లీ కీలండ్ కథే. అసలు మందు 2011లో వచ్చింది. పడవ బరువు కడ్డీని తెరుచుకునే వైపు నెట్టకూడదు, కొక్కెం దానంతటది మూసే ఉండాలి, తెరవాలంటే మనిషి కావాలని తెరవాలి అని నియమం రాశారు. 2013 జనవరి 1 నుంచి అది అమలు. పాత ఓడల్లో ఈ కొలతకు తూగని కొక్కేలను 2014 జులై 1 తర్వాత వచ్చే మొదటి డ్రైడాక్ మరమ్మతులో మార్చాలి, ఎంత ఆలస్యమైనా 2019 జులై 1 దాటకూడదు. 1986 నుంచి 2019 దాకా ముప్పై మూడేళ్లు. ఒక నావికుడి ఉద్యోగ జీవితమంతా అందులో గడిచిపోతుంది.

కొక్కేల జంట బెడదే లేకుండా చేసే దారి ఇంకొకటుంది. ఓడ వెనక భాగాన ఏటవాలు పట్టాల మీద పడవను నిలిపి, మనుషులు వెనక్కి ముఖం పెట్టి పట్టీలు బిగించుకుని కూర్చుంటారు. లోపలే ఉన్న మీటను ఒకరు పంపులా కొట్టగానే పట్టు వదిలి పడవ జారి సముద్రంలోకి దూకుతుంది. దీన్ని ఫ్రీఫాల్ అంటారు. నెదర్లాండ్స్‌లో యోస్ట్ వెర్హూఫ్ 1960ల మొదట్లో దీన్ని ఓడలకు ఎక్కించాడు. 2006 జులై 1 తర్వాత కట్టిన బల్క్ క్యారియర్లకు, అంటే సరుకును విడిగా పోసి మోసే ఓడలకు, ఇది తప్పనిసరి. తీగల్లేవు, అలల లెక్కా లేదు. అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. 2014 మార్చి 1న హిందూ మహాసముద్రంలో ఆక్వారోసా అనే సరుకు ఓడ మీద ఒక ఇంజినీరు తనిఖీకి అలాంటి పడవలోకి వెళ్లాడు. అనుకోకుండా పట్టు వదిలింది. పరీక్షల వేళ పడవను ఆపడానికని కట్టిన తీగలు తెగిపోయాయి. అతను తీవ్రంగా గాయపడ్డాడు.

కొక్కెం బాగున్నా తీగ బాగుండాలి కదా. 2013 ఫిబ్రవరి 10న కానరీ దీవుల్లో సాంతాక్రూజ్ దె లా పాల్మా రేవులో థామ్సన్ మెజెస్టీ అనే విహార ఓడ డ్రిల్లు ముగించి పడవను పైకి లాగుతోంది. తీగ తెగి పడవ తలకిందులుగా నీళ్లలో పడింది. ముగ్గురు ఇండోనేసియావాళ్లు, ఒక ఫిలిప్పీన్స్ మనిషి, ఒక ఘనా మనిషి, మొత్తం ఐదుగురు చనిపోయారు. కప్పీ మీదుగా వంగి, కంటికి సరిగా కనిపించని చోట తీగ లోపల తుప్పు పట్టి ఉంది. నియమం ప్రకారం ఐదేళ్లకోసారి మార్చాల్సిన తీగ అది. ఆ గడువు ఇంకా తీరలేదు.

ఇలాంటి ప్రమాదాలన్నీ చూశాక డ్రిల్లు చేసే తీరే మారుతూ వచ్చింది. మొదట ఖాళీ పడవను నీళ్లదాకా దించి, మళ్లీ పైదాకా ఎత్తి చూడమని, అంతా సవ్యంగా ఉందనుకున్నాకే నడపడానికి అవసరమైన కొద్దిమందిని ఎక్కించమని ఇప్పుడు ఓడలకు చెబుతున్నారు. పడవ నిండా మనుషులతో కిందికీ పైకీ తిప్పే పద్ధతి చాలా ఓడల్లో పోయింది.