మన పెద్దలు నిప్పును ఎలా కాచుకున్నారు?

"నివురు గప్పిన నిప్పు" అనే మాట తెలుగిళ్ళలో అందరికీ తెలుసు. పైకి చల్లగా కనిపిస్తూ లోపల రగిలే కోపాన్నో, తగాదానో అలా అంటాం. మేము బళ్ళో చదువుకున్న కన్నడలోనూ ఇదే మాట ఉంది, "బూది ముచ్చిద కెండ" అని. రెండు భాషల్లోనూ ఒకే పోలిక ఉందంటే, ఆ పోలిక పుట్టిన అలవాటు రెండు వైపులా ఉండేదన్నమాట.

అది వంటింటి అలవాటు. అగ్గిపెట్టెలు ఇంటింటికీ రాకముందు పొయ్యి పూర్తిగా ఆరిపోతే మళ్ళీ రాజేయడం పెద్ద పని, లేకపోతే పక్కింటికి వెళ్ళి నిప్పు అడిగి తెచ్చుకోవాలి. అందుకని రాత్రి వంట అయ్యాక మండే కట్టెలు బయటికి లాగి ఆర్పేసి, మిగిలిన కణికల మీద బూడిద కప్పేవాళ్ళు. పొద్దున బూడిద పక్కకు తోసి, పిడక ముక్క పెట్టి ఊదితే మంట వచ్చేది. గాలి సరిగ్గా అందని నిప్పు మెల్లగా కాలుతుంది, రవ్వ ఎగరదు. ఒక్క పనితో నిప్పు బతికేది, ఇల్లూ బతికేది.

అగ్ని ప్రమాదాలు రాకుండా చూసుకోవడం ఫైర్ ఇంజన్‌తో మొదలైన విద్య కాదని చెప్పడానికే ఇంత రాశాం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇది ఏ కాలంలోనూ ఒక్క ఇంటి పని కాదు, పక్కింటితో కలిసి చేసే పని. ఆ సంగతి మరిచిన చోటల్లా మనుషులు పోయారు.

కప్పును బట్టి భయం

కోస్తాలో పేదల ఇళ్ళకు తాటాకు, రెల్లుగడ్డి కప్పు. రాయలసీమలో, దాన్ని ఆనుకున్న బళ్ళారి, రాయచూరు వైపు మట్టి మిద్దెలు ఎక్కువ. దూలాల మీద కట్టెలో, బండలో పరిచి పైన చవుడు మట్టి మెత్తేవాళ్ళు. మిద్దె మీద రవ్వ పడినా మట్టి అంటుకోదు. కాబట్టి మిద్దెల ఊళ్ళో భయమంతా గడ్డివాము దగ్గర, తాటాకు ఊళ్ళో ప్రతి ఇంటి నెత్తి మీదా.

గడ్డివాము (కన్నడలో బణవె) ఇంటి గోడకు ఆనించి వేయరు. దొడ్లో దూరంగానో, కళ్ళం దగ్గరో వేస్తారు. తడి ఆరని గడ్డిని వాము వేస్తే లోపల మగ్గి వేడెక్కుతుందని రైతుకు తెలుసు, అందుకే బాగా ఎండనిచ్చాకే వేస్తాడు.

పూరిళ్ళ వరుసలో ఒక ఇల్లు అంటుకుంటే అది దక్కేది తక్కువ. అందుకని జనం ముందు గాలి వాలున ఉన్న పక్క ఇళ్ళ మీదికి ఎక్కేవాళ్ళు. తడి గోనెసంచులు కప్పడం, కుండలతో నీళ్ళు పోయడం చేసేవాళ్ళు. అదీ చాలకపోతే మధ్యలో ఉన్న ఇంటి కప్పు పీకి పారేసేవాళ్ళు, మంటకు దారి తెగిపోవాలని. ఒక ఇంటి కప్పు పోతే వీధి మిగిలేది. ఇప్పుడు అడవుల్లో మంటలకు అడ్డంగా చెట్లూ గడ్డీ లేని బాట తీయడం కూడా ఇదే సూత్రం.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. కులం పేరు చెప్పి ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని కాలంలో, ఊరి చివర వాడలకు నిప్పు అంటుకుంటే పరిస్థితి ఏమిటి? తాటాకు కప్పులు ఎక్కువ ఉన్నది అక్కడే, నీళ్ళు దూరమైందీ అక్కడే. "ఊరంతా కలిసి ఆర్పారు" అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ ఊరిలో ఎవరిని కలుపుకోలేదో కూడా గుర్తుండాలి.

మైసూరులో దొరికిన పాత చట్టం

కౌటిల్యుడి అర్థశాస్త్రం తాళపత్ర ప్రతిని 1905లో గుర్తించింది మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో పనిచేసిన ఆర్. శామశాస్త్రి. 1909లో ఆయన దాన్ని అచ్చు వేయించారు, 1915లో ఇంగ్లీషు అనువాదం తెచ్చారు. రాజనీతి పుస్తకంగానే దాని పేరు వింటాం కానీ, అందులో నగర పాలన గురించి చెప్పే చోట నిప్పు గురించి వివరమైన నియమాలున్నాయి.

ఎండాకాలంలో పగటి నడి భాగంలో ఇంట్లో నిప్పు రాజేయకూడదు, వంట చేయాలంటే బయట చేసుకోవాలి. తప్పితే పణంలో ఎనిమిదో వంతు జరిమానా. ప్రతి ఇంట్లో నీళ్ళ కుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలు సంచి లాంటివి ఉండాలి. లేకపోతే పావు పణం. గడ్డితో, చాపలతో కప్పినవాటిని తీసేయించాలి. కమ్మరుల్లాగా నిప్పుతో పని చేసేవాళ్ళంతా ఒకే చోట ఉండాలి. రాత్రి ఇంటి యజమాని తన వాకిలి దగ్గరే ఉండాలి. రాజవీధుల్లో, కూడళ్ళలో, కోట ద్వారాల దగ్గర వేల కొద్దీ నీళ్ళ కుండలు వరుసగా పెట్టాలి.

జరిమానాల పట్టిక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇల్లు కాలుతుంటే ఆర్పడానికి పరిగెత్తి రాని యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు. అజాగ్రత్త వల్ల నిప్పు అంటిస్తే 54 పణాలు. కావాలని ఇల్లు తగలబెట్టినవాడిని ఆ నిప్పులోనే వేయాలన్నారు. ఆ శిక్షను ఈ రోజు ఎవరమూ ఒప్పుకోం. మిగతా లెక్క మాత్రం చూడండి. నిచ్చెన లేకపోతే పావు పణం, పరిగెత్తి రాకపోతే 12 పణాలు, అంటే 48 రెట్లు. సామాను లేకపోవడం కంటే మనిషి రాకపోవడమే పెద్ద తప్పు. అద్దెకున్నవాడికీ బాధ్యత ఉంది, కాకపోతే సగం.

రాజభవనం కాలిన తర్వాత

ఆ ప్రతి వెలుగులోకి రావడానికి ఎనిమిదేళ్ళ ముందే మైసూరు నిప్పు దెబ్బ తింది. 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్ళి జరుగుతున్న రోజుల్లో, చెక్కతో కట్టిన పాత రాజభవనం కాలిపోయింది. దాని స్థానంలో హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాతో కొత్త భవనం 1912కు పూర్తయింది. దసరాకు మనం వెళ్ళి చూసేది దాన్నే. ఈసారి రాయి, ఇటుక, ఇనుము ఎక్కువగా వాడారు. లోపలి మండపంలో రంగులు వేసిన ఆ స్తంభాలు పోత ఇనుపవి.

మామూలు ఇళ్ళకు మార్పు పెంకు రూపంలో వచ్చింది. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానిలో ఒకటి కూర్చునే ఆ బల్లపరుపు పెంకు దేశమంతా పాకింది. కోస్తా జిల్లాల్లో దాన్ని "బెంగుళూరు పెంకు" అంటారు, ఊరు మారినా సరుకు అదే. పెంకు వేసుకోగలిగినవాళ్ళకు రవ్వ భయం తగ్గింది. కూలి చేసుకునేవాళ్ళు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు తాటాకు కిందే ఉన్నారు.

నిప్పు గోడలోకి వెళ్ళింది

1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్ళింది. 1905లో బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. నూనె దీపం పడిపోయే భయం పోయింది, కానీ నిప్పు కనిపించకుండా గోడలోకి వెళ్ళి కూర్చుంది. సన్నని వైరు మీద దాని తాహతుకు మించి కరెంటు లాగితే వైరు వేడెక్కుతుంది. బిగువు లేని జాయింటు దగ్గర ఇంకా ఎక్కువ వేడి. పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి, తీగలు ఒకదానికొకటి తగులుతాయి. పాత వైరింగ్ మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్ వరుసగా తగిలించడమంటే నివురు కింద నిప్పు పెంచడమే.

సరుకుల సంగతి 1944లో బొంబాయి నేర్పింది. విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ఏప్రిల్ 14న పేలిపోయింది. ఒకే ఓడలో పత్తి బేళ్ళు, పేలుడు పదార్థాలు కలిపి ఎక్కించారు. పత్తి అంటుకుంది, ఆర్పడానికి వెళ్ళిన ఫైర్‌మెన్‌లో 66 మంది ప్రాణాలు పోయాయి. ఏటా ఏప్రిల్ 14న దేశమంతా అగ్నిమాపక దినం జరిపేది వాళ్ళను తలచుకోవడానికే. గడ్డివామును ఇంటికి దూరంగా పెట్టిన రైతు పాటించిన నియమాన్నే ఆ ఓడలో పాటించలేదు. 2023 అక్టోబరులో హోసూరు దారిలో, అత్తిబెలె దగ్గర బాణసంచా దుకాణం కాలి పదిమందికి పైగా పోయినప్పుడూ, జనం పని చేసే చోటే అంటుకునే సరుకు గుట్టగా ఉంది.

మెట్లూ తాళాలూ

2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి కాలి 94 మంది పిల్లలు చనిపోయారు. వంటశాలలో పుట్టిన మంట గడ్డి కప్పుకు పాకింది, పై అంతస్తులో పిల్లలు దిగి రావడానికి సరైన దారి లేకపోయింది. ఆ తర్వాతే తమిళనాడు బళ్ళలో గడ్డి కప్పులు తీసేయించారు. వేల ఏళ్ళ కిందటి పుస్తకంలో ఉన్న నియమం అది.

2010 ఫిబ్రవరి 23న బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయారు. అక్కడ మంట కంటే పొగే ఎక్కువ చంపింది. వైర్లు వెళ్ళే సందు పొగగొట్టంలాగా పనిచేసి, పొగను పై అంతస్తులకు ఎక్కించింది. ఊపిరాడక కొందరు కిటికీల్లోంచి దూకారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు, మిత్రులు కలిసి బియాండ్ కార్ల్‌టన్ అనే పౌర సంస్థ పెట్టి ఈ విషయం మీదే పనిచేస్తున్నారు. పరిగెత్తి రావడమంటే ఇదీ ఒక రకం.

పూరిళ్ళ కాలంలో పక్కింటి కప్పు చూస్తే మన ప్రమాదం కళ్ళకు కనిపించేది. అపార్ట్‌మెంట్‌లో కాంక్రీటు గోడ అడ్డం ఉంది కాబట్టి ఎవరి ఇల్లు వాళ్ళదే అనుకుంటున్నాం. పొగకు ఆ గోడ లెక్క లేదు. మెట్లదారి, వైర్ల సందు, లిఫ్టు గుంత అందరికీ కలిపి ఒక్కటే.

ఇప్పుడు మన ఇళ్ళలో

మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత పరుపులు, అట్టపెట్టెలు ఉంచొద్దు. మెట్ల కింద, బయటికి పోయే దారిలో ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ పెట్టొద్దు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, ఫ్యాన్ కూడా వేయొద్దు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే నిలుస్తుంది. రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవాలి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టండి. బూడిద కప్పిన సూత్రమే, గాలి అందకుండా చేయడం. పొగ నిండితే తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని, కిందికి వంగి, తలుపు వెనక్కి మూసేస్తూ మెట్ల మీదుగానే దిగాలి, లిఫ్టు వద్దు. ఫోను 101, లేదా 112.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పరీక్షించి చూడని బ్యాకప్ లేనట్టే అని అక్కడ అంటాం. మేడ మీది తలుపు, వెనక మెట్లు, గోడకు వేలాడే ఎర్ర సిలిండరు కూడా అంతే. సిలిండరు మీద ముల్లు పచ్చ గీత మీద ఉందా? పిన్ను తీయడం ఇంట్లో ఎంతమందికి వచ్చు? మేడ తాళంచెవి ఎవరి దగ్గర, రాత్రి రెండింటికి వాళ్ళు తలుపు తీస్తారా?

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని పై అంతస్తు నుంచి కిందికి మెట్ల మీద ఒకసారి దిగి చూడండి. దారిలో అడ్డం ఉన్నవి ఎవరివో వాళ్ళ తలుపు తట్టి, మంచిగానే చెప్పండి. ఆ మెట్లు వాళ్ళవీ మనవీ ఒకటే.