నానీ గఠ్రీ, జపాన్ ఫురోషికి

హాస్టల్‌కి వెళ్లే రోజు నానీ నా బట్టల్ని పాత రుమాల్‌లో గఠ్రీ కట్టిచ్చింది. బస్టాండులో దోస్తుల సూట్‌కేసులు చూసి శరమ్ అనిపించింది. గఠ్రీని బెంచీ కిందికి నెట్టేశాను. జపాన్ వాళ్ల ఫురోషికి తారీఖ్ చదువుతుంటే ఆ రోజు యాదికొచ్చింది.

ఫురోషికి కూడా చౌకపు గుడ్డే. నారా నగరంలోని షోసోయిన్ ఖజానాలో 8వ శతాబ్దపు చుట్టుగుడ్డలు నేటికీ మహ్‌ఫూజ్‌గా ఉన్నాయి. అప్పట్లో వాటిలో ఖీమతీ సామాన్లు చుట్టేవారు. అది ఆమ్ జనం చేతికొచ్చింది ఎడో జమానాలో (1603–1868). ‘ఫురో’ అంటే స్నానం, ‘షికి’ అంటే పరిచేది. హమామ్‌లో విప్పిన బట్టలు ఇతరులవాటితో కలవకుండా అందులో మూటకట్టేవారు. స్నానమయ్యాక దాన్ని పరిచి, దానిమీదే నిలబడి బట్టలు వేసుకునేవారు. ఆ జమానాలోనే పత్తిసాగు పెరిగి నూలుగుడ్డ గరీబులకూ అందింది. తాజిర్లు దానిమీద దుకాణం గుర్తు అద్దించి సరుకులు మోయించారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చి దాన్ని మూలకు నెట్టాయి. 2006లో పర్యావరణ మంత్రి యురికో కొయికే మళ్లీ ఫురోషికి వాడమని ప్రచారం చేశారు. 2020 జూలై నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచికి పైసలు కట్టాలి.

నానీ ఇప్పుడు లేదు. ఆ రుమాల్ ఏమైందో నాకు యాది లేదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పారేయకండి.